తొమ్మిది గంటల వాన

మా బిన్యారాలో ఉండేది రెండు వందల నలభై మందిమి. ఇంటర్నెట్‌లో మా ఊరి కబుర్ల పేజీలో మాత్రం పదకొండు వందల మంది ఉన్నారు. మిగతావాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో నాకు తెలీదు. తప్పిపోయిన కుక్కల కోసం మొదలుపెట్టిన పేజీ అది. ఇప్పుడు కుక్కల ఊసు తప్ప అన్నీ ఉంటాయి. ఫోన్ టవరు వల్ల తేనెటీగలు దారి తప్పుతున్నాయని ఒకరు, కరెంటు బండి గొర్రెల ట్రైలరును గుట్ట ఎక్కించలేదని ఒకరు, చంద్రుడి మీదికి మనుషులు నిజంగా వెళ్ళారా అని ఇంకొకరు. ప్రధానమంత్రి మొదలుకొని రోడ్డు గుంతలు పూడ్చేవాడి దాకా అందరూ దొంగలేనన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. నేను ఇరవై ఆరేళ్ళుగా పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంటున్నాను. "నాకేమైనా ఉత్తరాలున్నాయా గ్లెనిస్" అని పిల్లిలా అడిగే మనిషి ఆ పేజీలో పులిలా గర్జిస్తుంటే చదివి నవ్వుకునేదాన్ని.

ఆ పేజీలో ఎన్నడూ ఒక్క ముక్క రాయని మనిషి వెర్నా నుస్కే.

వెర్నాకి డెబ్భై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళ వయసులో దక్షిణాన ఉన్న పాడిపశువుల ఊరి నుంచి ఈ గోధుమ నేలకి కోడలిగా వచ్చింది. వచ్చిన మర్నాడే మామగారు పెరట్లోకి తీసుకెళ్ళి కంచె పక్కన పాతిన వానగేజిని, అంటే వాన కొలిచే గొట్టాన్ని చూపించి, "రేపట్నుంచి ఇది నీదమ్మాయ్" అన్నాడట. పెళ్ళికి ఆయన ఇచ్చిన కానుక అదేనని నవ్వుతూ చెప్పేది. ఆ గేజిని పాతింది ఆయన తండ్రి. రోజూ కొలిచి, పుస్తకంలో రాసి, వాతావరణ శాఖకి పంపాలి. జీతం లేదు, సెలవు లేదు. క్రిస్మస్ పొద్దున కూడా బాతు వేపుడు పొయ్యి మీద వదిలేసి వెళ్ళి చూసొచ్చేది. భర్త లెస్ అంత్యక్రియల రోజున, నల్ల గౌను వేసుకుని, శవపేటిక బండి వాకిట్లో ఉండగా, తొమ్మిదింటికి పెరట్లోకి నడిచింది. ఆ రోజు సున్నా. సున్నా అని రాసి వచ్చి బండెక్కింది. వచ్చే మార్చికి ఆ గేజికి నూరేళ్ళు నిండుతాయి. నూరేళ్ళలో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా ఆ పుస్తకాన్ని ఒడ్డున పడేయాలన్నదే ఆవిడకి మిగిలిన ఒక్క కోరిక.

ఎవరైనా వాతావరణం మారుతోందా, అంతా బూటకమా అని అడిగితే ఒకటే జవాబు. "ఎంత పడిందో చెప్తాను. ఎందుకు పడిందో, ఎందుకు పడలేదో నన్నడక్కు."

కొలతకి ఒక పద్ధతుంది. పొద్దున తొమ్మిదింటికి గేజిలో ఎన్ని నీళ్ళుంటే అవి ఆ రోజు తారీఖు కింద రాయాలి. నిన్న మధ్యాహ్నం కురిసి నిన్న సాయంత్రమే వెలిసిన వానైనా సరే, పుస్తకంలో అది ఇవాళ్టి వాన. మా ఊళ్ళో ప్రతి కంచెకీ ఒక చిన్న ప్లాస్టిక్ గేజి కట్టి ఉంటుంది. పబ్బులో ఇద్దరు రైతులు కలిస్తే మొదటి ప్రశ్న ఎంత పడిందని, రెండోది తొమ్మిదికి ముందా తర్వాతా అని. అంటే ఈ సంగతి తెలియనివాడు మా ఊళ్ళో లేడు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత అందరూ తెలియదన్నట్టే కూర్చున్నారు.

మొన్న జూన్‌లో వెర్నాకి తుంటి ఎముక మార్చారు. మూడు వారాలు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. గేజి ఎవరు చూడాలి? పక్కింటి డారిల్ పెట్చెల్‌కి అప్పజెప్పింది. డారిల్ భార్య మాగ్ చివరి రోజుల్లో ఆమెని ఒళ్ళు తుడిచి, సూప్ తాగించి, నాలుగు నెలలు చూసుకున్నది వెర్నాయే. ఆమె పోయాక ఆదివారం ఆదివారం డారిల్ భోజనం వెర్నా ఇంట్లోనే. అతను ఆవిడ గడ్డి కోసిపెట్టేవాడు. అంతకన్నా నమ్మకమైన మనిషి ఎవరున్నారు?

ఆగస్టులో, నెల రోజులుగా చుక్క పడక పైర్లు వాడిపోతున్నప్పుడు, మా పేజీలో 'ఎండిన కుంట' అనే పేరుతో ఒకడు ఒక ఫోటో బొమ్మ పెట్టాడు. వెర్నా వానపుస్తకంలోని జూన్ నెల పేజీ అది. కింద ఇలా రాశాడు: "ఊరికే అడుగుతున్నా. జూన్ ఇరవై రెండు మధ్యాహ్నం బిన్యారాలో జోరున కురిసింది. మీరంతా తడిశారు. సర్కారు పుస్తకంలో ఇరవై రెండు ఎదురుగా సున్నా ఎందుకుంది? వానని దాచిపెట్టి కరువని ఎవరిని భయపెడుతున్నారు? నా అభిప్రాయం నాది. మీరే ఆలోచించుకోండి."

బొమ్మ సరిగ్గా ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. దాని కింది గడి కనిపించదు.

ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది. సాయంత్రానికి నాలుగు వేల మంది దాన్ని ఇంకో నాలుగు చోట్లకి మోసుకుపోయారు. నిప్పు లేనిదే పొగ రాదన్నాడొకడు. దూరాన పర్త్ నగరంలో ఉండేవాడెవడో, మా ఊరి పేరు కూడా సరిగ్గా రాయడం రానివాడు, ఆ గేజి మనిషిని జైల్లో పెట్టాలన్నాడు. నగరంలో రేడియో మాటకారి ఒకాయన, "పల్లెటూళ్ళో ఒక ముసలావిడ చేతిలో దేశం వాతావరణం" అని అరగంట నవ్వించాడు. మా ఊరివాళ్ళు తొమ్మిది గంటల మాట ఎత్తలేదు. సర్కారుని తిట్టే అవకాశం వస్తే మధ్యలో లెక్క సరిచేసేవాడు ఎవరికి కావాలి?

వెర్నా బొమ్మ చూడగానే, "ఇది డారిల్ రాత. నేను ఆస్పత్రిలో ఉన్న వారం" అంది. జూలైలో ఊరి హాల్లో పాత వానపుస్తకాలతో పాటు దీన్నీ అందరూ చూడడానికి పెట్టింది, అప్పుడెవరో ఫోటో తీసుంటారని అనుకుంది. డారిల్‌ని పిలిచి అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"డారిల్, ఆ రోజు రాసింది నువ్వే కదా. తొమ్మిది గంటల పద్ధతి ఇదీ అని పేజీలో ఒక్క మాట రాయి. నీ మాటైతే వింటారు."

"వదిలెయ్ వెర్నా," అన్నాడు డారిల్, టీ కప్పులోకి చూస్తూ. "నిప్పులో నెయ్యి పోసినట్టవుతుంది. రెండు రోజులు అరుస్తారు, మూడో రోజు ఇంకోటి దొరుకుతుంది."

రెండు రోజులు కాదు, రెండు వారాలు గడిచాయి. కొట్లో ఆవిడ వెనక నిలబడ్డవాళ్ళు, "ఏం వెర్నా, ఇవాళ ఎంత దాచావు?" అని వేళాకోళం. ఆవిడ నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి వెర్నా వెళ్ళి చూస్తే, ఆకాశంలో మబ్బు తునక లేదు, గేజిలో ముప్ఫై ఒక్క మిల్లీమీటర్లు. పసుప్పచ్చగా ఉంది. వాసన బట్టి అదేమిటో తెలిసిపోయింది. ఏ వీరుడో కంచె దూకి తన అభిప్రాయం అందులో పోసి వెళ్ళాడు.

నేను వెళ్ళేసరికి వెర్నా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది.

"సున్నా అని రాసెయ్యి," అన్నాను. "వాన పడలేదని నాకూ తెలుసు, నీకూ తెలుసు."

"నేను నిద్రపోయాను గ్లెనిస్. తెల్లారుజామున నాలుగు చుక్కలు పడలేదని నేను ఒట్టేసి చెప్పలేను. చూడనిది ఎలా రాస్తాను?"

ఆ తారీఖు ఎదురుగా 'కొలత చెడిపోయింది' అని రాసింది. తొంభై తొమ్మిదేళ్ళలో మొదటి ఖాళీ. ఆవిడ కలానికి మూత పెట్టింది. నాకే ఏడుపొచ్చింది.

ఈ గొడవంతా మొదట్నుంచీ శాఖవాళ్ళకి తెలియజేద్దామని, జూన్ పేజీ ఫోటోల కోసం తన ఫోన్‌లో పాత బొమ్మలు వెనక్కి జరుపుతూ పోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున పుస్తకం ఫోటో తీసి పంపమని డారిల్‌ని అడిగిందట, మనసు ఆగక. జూన్ ఇరవై మూడున వచ్చిన బొమ్మ దగ్గర ఆగింది. ఎండిన కుంట పెట్టిన బొమ్మలో ఉన్న అదే పేజీ, అదే వెలుగు, ఎడమవైపు అంచున పుస్తకం పట్టుకున్న అదే బొటనవేలు. ట్రైలరు కొక్కెం కింద నలిగి నల్లబడిన గోరు. ఈ బొమ్మలో కింది గడి కూడా ఉంది. ఇరవై మూడు: పద్నాలుగు మిల్లీమీటర్లు. దాని కింద డారిల్ రాసిన మాట: "నిన్న మధ్యాహ్నం వాన వెర్నా, తొమ్మిదింటికే చూసి రాశాను, నువ్వు చెప్పినట్టే."

వెర్నా ఫోన్ నా చేతికిచ్చింది. పుస్తకం మూసి చేతికర్ర అందుకుంది. తర్వాత, "నన్ను బండిలో దింపుతావా? కాలు లాగుతోంది," అంది. పక్కిల్లే. అయినా ఇద్దరి మధ్యా నాలుగు ఎకరాల మేత బీడుంది.

డారిల్ వెనక వరండాలో కుక్కకి ఎముక వేస్తున్నాడు. మమ్మల్ని చూసి కెటిల్ పెట్టబోయాడు. వెర్నా కూర్చోలేదు. ఫోన్ ఎదురుగా పెట్టింది.

"ఈ వేలు ఎవరిది డారిల్?"

అతను ఫోన్ చూడలేదు. తన వేలు చూసుకున్నాడు.

"ముందు సరదాగానే పెట్టాను," అన్నాడు చివరికి. "అంత దూరం పోతుందనుకోలేదు. అది ఉత్త అభిప్రాయం వెర్నా. అందరూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా."

"కింది గడి కోసేసింది కూడా సరదాకేనా?"

అతను మళ్ళీ కెటిల్ వైపు తిరిగాడు. నేనుండబట్టలేకపోయాను. "నోరు పెగల్లేదేం పెద్దమనిషీ? పేజీలో బాగానే పెగిలిందే!" అన్నాను.

"నువ్వాగు గ్లెనిస్," అంది వెర్నా.

"నేనేం రాసినా ముగ్గురు చూసేవాళ్ళు," అన్నాడు డారిల్. "మాగ్ పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడే దిక్కు లేదు. ఆ రోజు నాలుగు వేల మంది నాతో మాట్లాడారు వెర్నా."

"నేను రోజూ మాట్లాడాను కదా."

అతను కుక్క తల నిమురుతూ, "నీ పేరు నేనెక్కడా రాయలేదు," అన్నాడు.

"ఊళ్ళో శాఖవాళ్ళ గేజి రాసేది నేనొక్కదాన్నే. పేరెందుకు?" అంది వెర్నా. గొంతు పెంచలేదు. "మాగ్ నా చేతుల్లో పోయింది డారిల్. ఆ చేతులతో అబద్ధం రాశానని నువ్వు లోకానికి చెప్పావు. తెలిసి చెప్పావు."

ఆ సాయంత్రమే అతను ఎండిన కుంట పేరుతోనే, కోయని బొమ్మ పెట్టి, తప్పు తనదని, పద్ధతి ఇదని రాశాడు. దాన్ని పద్దెనిమిది మంది చూశారు. మొదటి జవాబు: "నీ నోరు ఎవరు మూయించారు మిత్రమా?" రెండోది: "బెదిరించి రాయించారని స్పష్టంగా తెలుస్తోంది." డారిల్ ఆ రెండూ చదివి పేజీ మూసేశాడట. ఇంకెప్పుడూ వెర్నా గుమ్మం తొక్కలేదు.

అంతకుముందు, అతని ఇంటి నుంచి తిరిగొస్తూ బండిలో నేను అతన్ని తిట్టని తిట్టు లేదు. విశ్వాసఘాతకుడన్నాను, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నాను. వెర్నా కిటికీలోంచి ఎండిన పైరు చూస్తూ కూర్చుంది. తన వాకిట్లో దిగే ముందు అంది.

"ఎండిన కుంట రాతకి నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు నూట పన్నెండు మంది గ్లెనిస్. ఒక్కో పేరూ చదివాను. మన ఊరివాళ్ళు ముప్ఫై ఏడుగురు. నీది నాలుగోది."

నాకు బండి ఆపాలో నడపాలో తెలియలేదు. అవును, పెట్టాను. కౌంటరు దగ్గర జనం లేని వేళ, సగం చదివి, సర్కారుని భలే పట్టుకున్నాడనుకుని, వేలితో ఒక నవ్వు నొక్కి ఇంకోదానికి పోయాను. తర్వాత తెలిశాక తీసెయ్యొచ్చు. తీయలేదు. ఒక్క మాట రాయొచ్చు. ఇంత నోరున్నదాన్ని, రాయలేదు. తిలా పాపం తలా పిడికెడు.

"నేను పూర్తిగా చదవలేదు వెర్నా," అన్నాను.

"తెలుసమ్మా. ఎవరూ చదవలేదు," అని తలుపు తీసుకుని దిగింది.

అక్టోబర్‌లో రెండో తుంటికి రమ్మన్నారు. మళ్ళీ మూడు వారాలు. నేను వెళ్ళి బతిమాలాను. "నేను చూస్తాను వెర్నా. తొమ్మిదికి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. మార్చి వస్తోంది కదా." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, కోపంగా కాదు. "వద్దులే గ్లెనిస్," అంది. వెళ్ళేముందు గేజి మీద మూత బిగించి, పెరటి గేటుకి తాళం వేసి, పుస్తకం తనతో తీసుకుపోయింది. ఊరంతా గేజులున్నవాళ్ళమే. ఒక్కరిని కూడా అడగలేదు.

ఆవిడ వెళ్ళిన ఆరో రోజు వాన పట్టుకుంది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు. ఇలాంటి వాన చూసి పదేళ్ళయింది. పేజీ నిండా నీళ్ళ బొమ్మలే. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నా కంచె దగ్గరికి గొడుగేసుకుని వెళ్ళి చూశాను. నలభై మూడు మిల్లీమీటర్లు. చేతిలో కాగితం తడిసిపోతున్నా రాసుకున్నాను. వెర్నాకి ఫోన్ చేశాను. ఎత్తింది. ఎంత పడిందో చెప్పాను.

"అలాగా," అంది. పుస్తకం పక్కనే ఉందని నాకు తెలుసు. కాగితం తిప్పిన చప్పుడేమైనా వస్తుందేమోనని విన్నాను. రాలేదు.