చిలకమ్మ దవడ, దేముడి బొటనవేళ్ళు

మా చిలకమ్మ పిన్ని దవడ మొదటిసారి జారింది ఎనభై ఆరులో, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో, వీధి కుళాయి దగ్గర. తగువులో నెగ్గబోతుండగా జారింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇంకా ఏదో తిట్టబోతోందనుకుని ఎదుటివాళ్ళు కాసేపు కాచుకున్నారు కూడా.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు తన బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, వెనక పళ్ళ మీద పెట్టి, కిందికి నొక్కి వెనక్కి నెట్టాడు. టక్కున కూర్చుంది. మళ్ళీ మళ్ళీ జారుతుంది, కలకత్తా తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండని కాగితం రాసిచ్చాడు. ఆవిడ మొగుడు దేముడు బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన దానిమీద సంతకం పెట్టి ఆఫీసులో ఇస్తే ఇద్దరికీ రైలు పాసు వస్తుంది. అంతే పని.

ఆయన పెట్టలేదు. డాక్టరు చేసింది చూసి ఆ విద్య పట్టేశాడు.

"ఇంజిన్లు బాగుసేసినోడికి దవడొక లెక్కేటి?" అన్నాడు.

అక్కణ్ణుంచి ఆయన దొరతనం మొదలైంది. ఆవలిస్తే జారేది, నవ్వితే జారేది. పిన్ని వచ్చి ముక్కాలిపీట మీద కూర్చునేది. బాబాయి తీరిగ్గా వేళ్ళకు తువ్వాలు చుట్టుకుంటూ అడిగేవాడు.

"ఆదివారం పేకాటకి ఎల్తాను. సరేనా? తలూపు."

పిన్ని ఊపేది.

"కలకత్తా అక్కర్నేదు కదా?"

కళ్ళనీళ్ళతో అదీ ఊపేది. అప్పుడు గానీ దవడ సర్దేవాడు కాదు. తర్వాత నిలదీస్తే, "నువ్వే ఒప్పుకున్నావు గదే" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. నోరు తెరిచి ఉండగానే నోరు మూయించిన ఘనుడు ఆయనొక్కడే.

నాలుగేళ్ళు ఇలాగే సాగింది. నవ్వొస్తే పిన్ని చెంగు నోట్లో కుక్కుకునేది. అది చూస్తే బాధేసేది.

తొంభైలో, దుర్గాపూజ సెలవుల్లో, వాళ్ళింట్లో పకోడీలు తింటుండగా మళ్ళీ జారింది. బాబాయికి పేకాట వేళ మించిపోతోంది. ఎంత వెతికినా తువ్వాలు కనపడలేదు.

"ఇంక కలకత్తా ఊసెత్తవు కదా?"

పిన్ని మహా బుద్ధిగా తలూపింది. ఆయన ఒట్టి వేళ్ళే పెట్టి నొక్కాడు. టక్కున కూర్చుంది.

కూర్చున్నది మళ్ళీ తెరుచుకోలేదు. కుడి వేలు ఎలాగో లాక్కున్నాడు గానీ, ఎడమది పళ్ళ మధ్య ఉండిపోయింది.

"ఒగ్గీయే సిలకా. ఏలు పోతాది."

పిన్ని ఒగ్గలేదు. నాకేసి చూసి, రేకుపెట్టె వైపు చెయ్యి చూపించింది. మూత తీశాను. ఆ వారమే డాక్టరు చేత కొత్తగా రాయించుకొచ్చిన కాగితం పైనే ఉంది. దాని కింద నాలుగు మడతలు పెట్టి, తువ్వాలు.

కాగితం ఆయన ముందు పెట్టాను. పెన్ను మూత తీసి మరీ ఇచ్చాను. పిన్ని కనుబొమలు ఎగరేసింది. ఈసారి తల ఊపింది బాబాయి.

సంతకం ఆరాకే వేలు వదిలింది.

కలకత్తాలో ఆపరేషన్ అయింది. దవడ మళ్ళీ జారలేదు. పిన్ని ఇప్పుడు కుళాయి దగ్గర చెంగు అడ్డం లేకుండా నవ్వుతుంది, తగువులూ నెగ్గుతుంది. ఆవిడ ఆవలించినప్పుడు మాత్రం బాబాయి బొటనవేళ్ళు గుప్పిట్లో దాచుకుంటాడు.