సంచిలోంచి వచ్చిన చిరుగుల చీర

"కుట్టుమిషను పక్కన నువ్వు నిలబడ్డ ఫొటోలో ఆ చిరుగుల చీరేంటి అమ్మమ్మా?" అని ఫోన్లో అడిగావు. అది నాది కాదమ్మా.

ఎనభైల్లో మా సీతారాండేరా బస్తీ మహిళామండలి అంతటికీ ఒక్క అద్దె మిషనే ఉండేది. ఓ ట్రస్టు మూడు కొత్తవి ఇస్తామంది. వాటిని అందుకోడానికి మండలి తరఫున ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. ట్రస్టు మేడం నన్ను ఎగాదిగా చూసి, "ఇలా ఉంటే బీదవాళ్లంటే ఎవరు నమ్ముతారు?" అని హిందీలో అంటూ సంచిలోంచి చిరుగుల చీర తీసింది.

"కట్టీసుకో వదినా, లేపోతే మిషన్లు మళ్లీ జీపెక్కి ఎలిపోతాయి," అంది పక్కింటి నరసమ్మ నా చెవిలో.

కట్టుకున్నాను. అందరి ముందూ తల ఎత్తలేకపోయాను. పట్టుచీర మేడం మాత్రం నా భుజం మీద చెయ్యేసి ఫొటోకి చక్కగా నవ్వింది.

ఆ మిషన్ల మీద ఎందరో ఆడపిల్లలు కుట్టు నేర్చుకున్నారు, కాదనను. కానీ ఆవిడగారి దయ ఎంతటిదంటే, ఫొటో అవగానే చీర విప్పించి, మడతపెట్టి, "ఇంకో బస్తీకి వెళ్లాలి" అని సంచిలో పెట్టేసుకుంది.

నాకు ముందు ఆ చీర ఎందరు కట్టారో, అసలది ఎవరి ఒంటి మీదిదో?