నరం తీసిన పన్నుతో రాజోలు నుంచి అమలాపురం

నరం లేని పన్నుకి నొప్పేమిటి, నొప్పి లేనిదానికి భయమేమిటి అన్నది మా బావమరిది సత్తిబాబు లెక్క. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమలాపురం వెళ్లి దవడపన్నుకి నరం తీసే రూట్ కెనాల్ చేయించుకున్నాను. క్యాపు కూడా వేయించుకోమంటే, పోటు తగ్గిందిగా అని ఊరుకున్నాను. కొబ్బరి దింపు రోజున అందరి ముందూ పళ్లతో కాయ పీచు వలిచి చూపించడం నాకు అలవాటు. ఆ తర్వాత వచ్చిన దింపులో సత్తిబాబు, "ఆ చచ్చిన పన్నుతో లాగండి బావా, పోటుండదు" అన్నాడు. లాగాను. పోటు నిజంగానే రాలేదు; పీచుతోపాటు పన్నుముక్క వచ్చింది. మా ఆవిడ ఆ ముక్క నా చేతిలో పెట్టి, "మిగతాదైనా దక్కుద్దేమో చూపించుకురండి. పీకేస్తే మీ నవ్వుకి చంటిపిల్లలు జడుసుకుంటారు" అంది.

రాజోలులో ఏడింటి బస్సు ఎక్కాను. పి.గన్నవరం అక్విడెక్టు, అంబాజీపేట మీదుగా గంటన్నర ప్రయాణం. టికెట్టు అప్పట్లో పది పదిహేను రూపాయలు. సీటు లేదు. చెంప పట్టుకుని రెండు మూలుగులు మూలిగేసరికి ఒక పెద్దాయన జాలిపడి లేచాడు. కండక్టరు మాత్రం పసిగట్టాడు.

"ఇందాక కుడి చెంప పట్టుకున్నారు కదండీ, ఇప్పుడు ఎడం చెంపేటండి?"

"పోటు బస్సుతోపాటు మలుపులు తిరుగుతోందండి."

"ఆయ్! అమలాపురం వెళ్లేసరికి నాకొచ్చేత్తాదేమోనండి!"

బస్సంతా నవ్వింది. అంబాజీపేటలో రోడ్డు పక్కన కొబ్బరి రాశులు కనబడగానే నా నవ్వు ఆగిపోయింది. విరిగిన అంచుని నాలుకతో తడుముకుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రి బస్టాండు నుంచి నడిచేంత దూరమే. డాక్టరమ్మ నోట్లో అద్దం పెట్టి చూసింది.

"ఏం కొరికేరండి?"

"కొబ్బరికాయండి."

"కొబ్బరిముక్కా?"

"కాదండి. కాయే. పీచుతో."

ఆవిడ అద్దం కింద పెట్టేసింది. "నొప్పి లేదంటే గట్టిపడిందని కాదండి. నరం తీసిన పన్ను లోపల డొల్ల, పెళుసు. నొప్పి పుడితే మధ్యలో ఆపేవారు. పుట్టలేదు కాబట్టి విరిగేదాకా లాగేరు."

"ఉంచుతారాండీ, పీకేస్తారా?" అన్నాను. ఈసారి మూలుగు నిజంగానే వచ్చింది.

ఎక్స్‌రే తీసి చాలాసేపు చూసింది. "పగులు చిగురు కిందకి దిగలేదండి. నిలబెడదాం."

లోపల గట్టిగా సిమెంటు నింపి, చుట్టూ అరగదీసి, మెత్తటి ముద్దతో అచ్చు తీసింది. అసలు క్యాపు రాజమండ్రిలో తయారై వారానికి వస్తుందట. అందాకా తాత్కాలికంగా ఒకటి అతికించింది.

"క్యాపు వేశాక పీచు వలవొచ్చాండీ?"

"ఆయ్, వలవొచ్చండి. పన్ను ఇక్కడ నా దగ్గర పెట్టేసి వెళ్లండి."

వారం తర్వాత మళ్లీ వెళ్లి క్యాపు వేయించుకున్నాను. అది కూడా పన్నే, చిగురు అంచున రోజూ తోమకపోతే కిందనుంచి పుచ్చుతుందని మరీ మరీ చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ పన్ను చోటు కదల్లేదు. దాని పక్కన ఏ జబ్బూ లేని పన్ను మాత్రం ఊడిపోయింది. దానిమీద ఎవరికీ దిగుల్లేదు మరి. భయపడి కాపాడుకున్నదే నిలిచింది.

మీరు వెళ్తే ఒక్క పని చెయ్యండి: రూట్ కెనాల్ అయిన రోజే క్యాపుకి ఎప్పుడు రావాలో రాయించుకుని బస్సెక్కండి. ఇంటికి చేరాక పోటు లేని పన్ను ఎవరికీ గుర్తుండదు.