చీరకీ కొన్నావిడకీ మధ్య

మస్కట్‌లో నేను పిల్లల్ని చూసుకునే పనిలో ఉన్న ఇంటి యజమానురాలు, నేను వంటగదిలో పంచదార డబ్బా మూత తీసినా వెనకాలే వచ్చి నిలబడేది. ఏమీ అనేది కాదు. అలా చూసేది, అంతే. అక్కడి నుంచి వచ్చేస్తూ ఆ చూపు నాతోపాటు తెచ్చేసుకున్నానని మా ఆయన అంటూ ఉంటారు. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు గానీ, చీరల వ్యాపారంలో దిగాక మాత్రం ఎవరినీ పూర్తిగా నమ్మిన గుర్తు లేదు.

మాది అమలాపురం. మా ఆయన కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తారు. నేను తిరిగొచ్చాక ఇంట్లో ఊరికే కూర్చోలేక బండారులంకలో ఒక నేత కుటుంబం దగ్గర చీరలు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాను. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, భార్యాభర్తలు. చుట్టరికం ఏమీ లేకపోయినా వాళ్ళని బాబాయిగారు, పిన్నిగారు అని పిలిచేదాన్ని. ఆయన నేసేవారు. ఆవిడ నూలు చుట్టి, అంచులు సరిచూసి, చీర మడత పెట్టేది. వాళ్ళ అరుగు మీదే చీర పరిచి, కొంగు ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని కుడిచేత్తో ఫోన్‌లో ఫోటో తీసేదాన్ని. ఆ ఫోటోలు ఒక పెద్ద ఆన్‌లైన్ కంపెనీ యాప్‌లో పెడితే ఆర్డర్లు వచ్చేవి. సాయంత్రం కొరియర్ వాళ్ళు మా ఇంటికే వచ్చి ప్యాకెట్లు పట్టుకుపోయేవారు.

మొదట్లో అంతా సుఖంగానే ఉంది. ఒక్కటే నచ్చేది కాదు. చీర కొన్నదెవరో నాకు తెలిసేది కాదు. కంపెనీ నాకు ఊరి పేరు చూపించేది, మనిషి పేరు సగం చెరిపేసేది, ఫోన్ నెంబరు అసలు ఇచ్చేదే కాదు. నా చీర నాగపూర్ వెళ్ళింది, మైసూర్ వెళ్ళింది. ఎవరి ఒంటి మీదికి వెళ్ళిందో మాత్రం కంపెనీకి తెలుసు, నాకు తెలియదు.

అలా సాగుతుండగా ఒక చీర రిటర్న్ వచ్చింది. రంగు నచ్చలేదని రాశారు. ప్యాకెట్ విప్పాను. కవరు మాది, చీటీ మాది, లోపల ఉన్న చీర మాది కాదు. అదే వంగపండు రంగు, దాదాపు అలాంటి అంచే. కానీ చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా రెండు పక్కలా మేకుల కర్ర బిగించి సాగదీస్తారు. ఆ మేకుల గుర్తులు అంచు పొడవునా సన్నని చిల్లుల్లా ఉండిపోతాయి. ఈ చీర అంచు నున్నగా ఉంది. మరమగ్గం బట్ట.

కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని ఒక మెసేజ్ వచ్చింది. చీర మార్చింది కొన్నావిడా, దారిలో కొరియర్ వాళ్ళా, గోదాములో వాళ్ళా? ముగ్గురినీ అనుమానించాను. ఎవరనేది ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అదే యాప్‌లో నా చీర ఇంకో దుకాణం పేరు మీద కనిపించింది. నా చీరలాంటి చీర కాదు, నా ఫోటోనే. కొంగు పట్టుకున్న ఎడమచేతి మణికట్టు మీద, మస్కట్‌లో ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ కూడా అలాగే ఉంది. ధర మాత్రం నేను పెట్టినదాంట్లో సగం కూడా లేదు.

ఫోన్ మా ఆయనకి చూపించాను. ఆయన బొమ్మ పెద్దది చేసి చూశారు.

“నీ చెయ్యే,” అన్నారు.

“ఏ చీర ఎక్కువ పోతోందో, ఏ రంగు అడుగుతున్నారో కంపెనీకి తప్ప ఇంకెవరికి తెలుస్తుందండీ? వాళ్ళలోనే ఎవరో అందిస్తున్నారు.”

“ఆధారం ఉందా?”

“లేదు.”

“మరి లేనప్పుడు?”

లేనప్పుడు అనుమానం పోతుందా? మరింత గట్టిపడుతుంది. ముక్తేశ్వరంలో ఉన్న మా అక్క పేరు మీద ఆ దుకాణంలో చీర ఆర్డర్ పెట్టాను. నా ఫోటో చూసి నేనే కొన్నాను. వచ్చింది చూస్తే అచ్చు వేసిన గుడ్డ. బుటాలు నేసినవి కావు, అద్దినవి. దాన్ని బండారులంక తీసుకెళ్ళి అరుగు మీద పెట్టాను. బాబాయిగారు వేలితో రాసి చూశారు.

“ఇది మగ్గం మొహం చూడలేదండి,” అన్నారు.

ఆయన బట్టను చూస్తుంటే నేను ఆయన మొహం చూస్తున్నాను. డిజైన్ ఈయనే ఎవరికైనా ఇచ్చారా అని. అంతదాకా వచ్చింది నా పరిస్థితి.

ఫోటో దొంగిలించారని కంపెనీకి మళ్ళీ రాశాను. ఈసారి జవాబు వేరేగా వచ్చింది. ఒకే ఫోటోతో రెండు దుకాణాలు ఉన్నాయి కాబట్టి నా చీర నిజంగా చేనేతో కాదో విచారించే వరకు నా అమ్మకం ఆపేశారు. దసరా ముందర. అవతలివాడి దుకాణం మాత్రం నడుస్తూనే ఉంది. మా ముందు గదిలో మంచం మీద చీరలు పేరుకుపోయాయి. వాటి మధ్య కూర్చుని మొదటిసారి అనుకున్నాను, వీళ్ళు తలుపు వేసేస్తే నాకు వేరే తలుపు లేదని.

విచారణ ముగిసి ఖాతా తెరిచాక నేను ఒక పని చేశాను. కంపెనీ రూల్స్‌లో కూడదని ఉంది. అయినా ప్రతి చీర రెండో మడతలో ఒక చిన్న కార్డు పెట్టడం మొదలుపెట్టాను. ‘ఈ చీర బండారులంకలో నేసింది’ అని ఒక ముక్క, కింద నా నెంబరు. కార్డు పెట్టిన ప్రతిసారీ ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే ఉండేది.

చాలాకాలం ఎవరూ పిలవలేదు. తర్వాత ఒక ఫోన్ వచ్చింది. పెద్దావిడ గొంతు, హైదరాబాద్ నుంచి.

“మీ చీర కొన్నానమ్మా. బాగుంది. ఇంకా కావాలి. కంపెనీ ద్వారా కాకుండా మీరే నేరుగా అమ్ముతారా?”

ఎవరు ఇలా అడుగుతారు? ‘కంపెనీ ద్వారా కాకుండా’ అన్న ముక్క మామూలు కొనేవాళ్ళ నోట ఎందుకొస్తుంది? కంపెనీ వాళ్ళే పరీక్షకి చేయించారనుకున్నాను.

“లేదండి. మేమలా అమ్మమండి. యాప్‌లోనే తీసుకోండి.”

“మరి కార్డు మీద నెంబరు ఎందుకిచ్చారు?”

“డౌట్లేమైనా ఉంటే అడుగుతారనండి.”

ఆవిడ నవ్వింది. “నాకున్న డౌటు అదేనమ్మా,” అంది. నేను ఫోన్ పెట్టేశాను.

ఆవిడ మళ్ళీ చేసింది. రాజోలులో చుట్టాల గృహప్రవేశానికి వస్తున్నానని, దారిలో అమలాపురంలో దిగుతానని చెప్పింది. ఇంటి అడ్రస్ ఇవ్వలేదు నేను. బస్టాండ్‌కి రమ్మన్నాను, పదిమంది ఉండే చోటని.

రిటైరైన టీచరమ్మ. తెల్లజుట్టు, భుజాన గుడ్డసంచి. నా వంగపండు చీరే కట్టుకుని వచ్చింది. పలకరింపులు కూడా కాకముందే నేను ఆవిడ కొంగు చివర అందుకుని అంచు తడిమాను. వేలికి చిల్లులు తగిలాయి. మా చీరే.

“ఏమిటమ్మా, నన్ను సోదా చేస్తున్నావా?” అంది.

“ఏం అనుకోకండి. చీర మాదో కాదో చూస్తున్నానండి.”

“పరీక్ష పాసయ్యానా?”

నవ్వేశాను. స్కూటీ వెనక ఎక్కించుకుని బండారులంక తీసుకెళ్ళాను. ఆవిడ మగ్గం పక్కన స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు తనకీ చెల్లెళ్ళకీ కలిపి చీరలు తీసుకుంది. హైదరాబాద్ వెళ్ళాక తనతో పనిచేసిన టీచర్లందరి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టింది. ఒక్కొక్కరే నాకు నేరుగా ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఒకావిడ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కావాలంది. ఇంకొకావిడ చీర అందాక ఫోన్ చేసి జాకెట్టుకి ఏ రంగు బాగుంటుందో అడిగి అరగంట మాట్లాడింది. కొందరు చీర కట్టుకుని దిగిన ఫోటోలు కూడా పంపేవారు. చీర కొన్నది మనిషని అప్పుడు తెలిసింది నాకు. మంచి నేత చీరలన్నీ వాళ్ళకే పంపేదాన్ని. యాప్‌లో మామూలు రకాలు కొన్ని ఉంచాను, దుకాణం మూసేశానని ఎవరూ అనుకోకుండా.

మరుసటి వేసవిలో ఒకరోజు బండారులంక వెళ్ళేసరికి, గుమ్మంలో నన్ను చూసి పిన్నిగారు గబగబా మగ్గం మీద పాత దుప్పటి కప్పేసింది. కప్పేలోగా నాకు చిలకపచ్చ రంగు కనిపించింది. ఆవపువ్వు రంగు అంచు. అది నేను చెప్పిన చీర కాదు.

“ఎవరికండీ అది?”

“ఊరికేనండి. నూలు మిగిలితేను.”

నూలు మిగిలితే చీరంతా నేస్తారా? ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. నా ఫోటో కాజేసినవాడికే నేస్తున్నారని ఖాయం చేసేసుకున్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడు కూర్చోకుండానే అడిగేశాను.

“ఎవరికి నేస్తున్నారో చెప్పండి బాబాయిగారూ. నా దగ్గర దాపరికం ఎందుకండీ?”

ఆయన మగ్గం ఆపేశారు. పిన్నిగారే చెప్పింది.

“ఆ టీచరమ్మగారు ఫోన్ చేసేరండి. అప్పట్లో మీతో వచ్చినప్పుడు నా నెంబరు అడిగేరు, ఇచ్చేను. చెల్లెలుగారి కోసం ఒకటి నేసిమ్మన్నారండి.”

“నాకు చెప్పకుండానా?”

“చెబితే మీరు ఒప్పుకోరేమోనని భయపడ్డామండి.”

“ఆవిణ్ణి తీసుకొచ్చింది నేను కాదాండీ?”

“ఆయ్, మీరేనండి. కాదనట్లేదండి.” పిన్నిగారు లోపలికెళ్ళి ఫోన్ తెచ్చింది. “ఇది చూడండి. మన వంగపండు చీర కట్టుకుని టీచరమ్మగారు పెళ్ళిలో దిగిన ఫోటో, నాకు పంపేరు. ఇన్నేళ్ళుగా నేస్తున్నామండి, మేం నేసింది ఫలానావాళ్ళు కట్టుకున్నారని ఎప్పుడూ చూళ్ళేదు. మీకు ఫోటోలొస్తాయి గదండీ. మాకెప్పుడైనా చూపించేరా?”

నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. స్కూటీ తీసుకుని వచ్చేశాను. దారి పొడవునా టీచరమ్మని తిట్టుకున్నాను. కానీ ఎంత తిట్టుకున్నా ఒకటి మింగుడు పడలేదు. కొన్నవాళ్ళ పేర్లు కంపెనీ నా దగ్గర దాచింది. నేను వీళ్ళ దగ్గర దాచాను. వీళ్ళకి నేనే కంపెనీని.

మా ఆయనకి చెబితే, “టీచరమ్మ కొత్తగా చేసిందేమీ లేదు. నువ్వు ఆ కంపెనీని తప్పించినట్టే నిన్ను తప్పించింది,” అన్నారు. ఆ మాట కంటే ఆయన ఆ మాట అని అన్నం తింటూ ఉండటం ఎక్కువ ఒళ్ళు మండించింది.

వారం గడవనిచ్చి మళ్ళీ వెళ్ళాను. ముగ్గురం అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. వాళ్ళకి నేరుగా వచ్చే ఆర్డర్లు వాళ్ళవే. ప్యాకింగ్, కొరియర్, చీర బాగాలేదని ఎవరైనా అంటే మాట్లాడటం వాళ్ళకి రాదు కాబట్టి ఆ పని నేను చేసి, నా కూలి నేను తీసుకుంటాను. నా దగ్గరికొచ్చే ఆర్డర్లకి కొన్నావిడ పేరు, ఫోటో పిన్నిగారికి పంపుతాను. కార్డు మీద నా నెంబరు కింద వాళ్ళ నెంబరు కూడా వేయించాం. బాబాయిగారు ఆ కార్డు రెండువైపులా తిప్పి చూసి, “మా నెంబరు కిందుందేంటండీ?” అన్నారు. ఆయనకీ అనుమానమే. తర్వాతి కార్డుల్లో పక్కపక్కన వేయించాను.

నమ్మకం పూర్తిగా కుదిరిందని అనలేను. నేను వెళ్ళగానే కళ్ళు మగ్గం మీదికి పోతాయి. నేను ఫోన్ తీస్తే పిన్నిగారి కళ్ళు ఫోన్ మీదికి వస్తాయి. కానీ అడిగితే ఇద్దరం చెప్పుకుంటున్నాం.

ఈ మధ్య నేను బండారులంకలో ఉండగా ఆన్‌లైన్ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. చాలా తియ్యటి గొంతు. మీ అమ్మకాలు ఎందుకు తగ్గాయి మేడమ్, మీ చీరలు యాప్‌లో పైన కనపడేలా ప్రత్యేకంగా చూస్తాం అంది. ఇన్నాళ్ళూ నా ఫిర్యాదు వినడానికి ఒక మనిషి కూడా దొరకలేదు, ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

“కొత్త రకాలు ఏమైనా ఉంటే ముందు మాకే ఫోటోలు పంపండి మేడమ్,” అంది.

“ఆయ్, చూస్తానండి,” అని పెట్టేశాను.

అరుగు మీద పిన్నిగారు అప్పుడే మగ్గం నుంచి దించిన కొత్త చీర పరుస్తోంది. ఎవరండీ ఫోన్‌లో అని అడిగింది. చెప్పాను.