ఏప్రిల్ మూడున తిరిగొచ్చిన గౌను

2021 ఏప్రిల్ 24, శనివారం, పొద్దున్న 11 గంటల 20 నిమిషాలు. ఇది అప్పుడు మొదలైంది. దుకాణంలో గోడ గడియారం చూశాను కాబట్టి సమయం కచ్చితంగా చెప్పగలను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. బర్మాలోని యాంగోన్‌లో డెబ్బై మూడేళ్ళుగా ఉంటున్నాను. నలభై ఒక్క సంవత్సరాలు బట్టలు కుట్టి బతికాను. కంటికి కనబడే కుట్టు తప్ప మరి దేన్నీ లెక్కలోకి తీసుకునే అలవాటు లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా మనవరాలు రూపకి జపాన్ ఆడపిల్లల వేషాలంటే పిచ్చి. గంటలా విచ్చుకునే గౌన్లు, మెడ నుంచి మోకాళ్ళ దాకా లేసు, జానెడు మందం అడుగున్న చెప్పులు. 2019లో పదకొండు శనివారాలు నన్ను వెంటబెట్టుకుని ఆ దుకాణాలన్నీ తిప్పింది. కొనేది తక్కువ. గౌను తిరగేసి కుట్టు ఎలా వేశారో చూసుకుని ఇంట్లో కుట్టి పెట్టడం నా పని.

"ఏటే ఇది, దోమతెరా?" అని నేనంటే, "మామ్మా, మెల్లిగా అను. ఆ దుకాణం పిల్లకి తెలుగొస్తే మన పరువు పోతాది" అని నవ్వేది.

తిరిగి తిరిగి ఏదో ఒక వింత హోటల్లో కూర్చునేవాళ్ళం. ఒక దాంట్లో ఒంటరిగా వచ్చినవాళ్ళ ఎదుటి కుర్చీలో పెద్ద ఎలుగుబంటి బొమ్మను కూర్చోబెట్టేవారు. రూప చేతులు కడుక్కోవడానికి వెళ్తే నా ఎదుట కూడా పెట్టారు. తిరిగొచ్చి, "మామ్మా, ఎలుగొడ్డుతో పెల్లిసూపులా? కుర్రోడు బాగున్నాడు" అంది. ఇంకొకటి జైలు గదిలా ఉండేది. చేతులకు బేడీలు వేసి లోపలికి తీసుకెళ్ళి, ఊచల మధ్య నుంచి నూడుల్స్ ఇచ్చేవారు. అప్పుడు అందరూ నవ్వేవారు.

2021 మార్చి 16న ఒక గౌను కుట్టడం ముగించాను. నల్లగుడ్డ, తెల్ల లేసు, ఇరవై రెండు కుచ్చిళ్ళు. ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కినప్పట్నుంచి దుకాణాలు మూసి ఉన్నాయి, నల్లదారం అయిపోయింది. ఎడమ చంక కింద చివరి తొమ్మిది కుట్లు నీలం దారంతో వేశాను. రూప దాన్ని శనివారం వేసుకుంటానంది.

మార్చి 17, బుధవారం, తాకేటా పేటలో స్నేహితురాలి ఇంటికని వెళ్ళింది. అక్కడ రోడ్డు మీద తూటా తగిలింది. ఎవరి తూటా అన్నది ఇక్కడ రాయను. సాయంత్రం ఐదుకి ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఫోన్లలో నెట్ లేదు. నా కొడుకు ఓడ మీద పనిలో ఉన్నాడు, అతనికి తెలిసింది ఆరు రోజుల తర్వాత.

మర్నాడు నేనే స్నానం చేయించి ఆ గౌను తొడిగాను. కొత్త బట్ట ఒంటి మీదకి వెళ్ళే ముందు ఓ మూల పసుపు పెట్టడం మా ఇళ్ళలో అలవాటు. నా చెయ్యి అలవాటు ప్రకారం కాలర్ లోపలి వైపు పసుపు పెట్టేసింది. పొరుగింటి సత్తెమ్మ చూసింది.

"ఇదేటమ్మా, సచ్చిపోయినోల్ల గుడ్డకి పసుపెట్టీసినావు! మల్లీ కట్టుకుంటాదేటి?"

రూప తల్లి, నా కోడలు గౌరి ఆ మాట విని తలెత్తింది. నేను తుడవలేదు. మధ్యాహ్నం రెండింటికి కాల్చాం. లేసు ముందు అంటుకుంది. నలభై నిమిషాలు అక్కడే నిలబడి చూశాను.

తర్వాత గౌరి నన్ను మూడుసార్లు అడిగింది. "అత్తా, మనం కాల్చింది మన పిల్లనేనా?" మూడుసార్లూ అవునన్నాను. మూడోసారికి కాస్త అన్నం తినడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 24న నేను ఆ గౌన్ల దుకాణాల్లో ఒకదానికి వెళ్ళింది, గౌను అడుగున వేసే ఒక నెట్ లంగా తిరిగి ఇవ్వడానికి. గౌను కొలతకి రూప అరువు తెచ్చింది. ఒకరి వస్తువు ఉంచుకోవడం నాకు నచ్చదు. లమ్మడాలోని మా ఇంటి నుంచి నడిచే వెళ్ళాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. ఆ దుకాణంలో పిల్లలు తమ గౌన్లు తెచ్చి ఇస్తే చీటీ కట్టి అమ్మిపెడతారు. నడిపే అమ్మాయి పేరు మ సూ. బర్మీస్‌లోనే మాట్లాడుతుంది, నన్ను నానమ్మ అన్నట్టు అఫ్వా అని పిలుస్తుంది.

"వచ్చారా అఫ్వా! మీ మనవరాలు మీకోసమే ఉంచమంది. ఇద్దరు అడిగినా ఇవ్వలేదు" అంటూ లోపల్నుంచి గౌను తెచ్చింది.

నల్లగుడ్డ, తెల్ల లేసు. కుచ్చిళ్ళు లెక్కపెట్టాను, ఇరవై రెండు. ఎడమ చంక తిరగేశాను. నీలం కుట్లు తొమ్మిది. కాలర్ లోపల పసుపు.

"అక్కడ కూర మరక ఉంది అఫ్వా, ఉతికితే పోతుంది" అంది మ సూ.

చీటీ మీద తేదీ ఏప్రిల్ 3. కింద రూప సంతకం. మేం కాల్చిన పదహారో రోజు.

రూప ఎలా ఉంది అని అడిగాను. మాస్కు పెట్టుకుందట, మ సూ సగం మొహమే చూసిందట. "గొంతు ఆమెదే. 'మామ్మ లంగా తెచ్చిస్తుంది, అప్పుడు ఇవ్వు' అంది. ఎందుకు, ఇంటికి రాలేదా?" అంది. నేను లంగా ఇచ్చి, గౌను తీసుకుని వచ్చేశాను. పొగ వాసన వస్తుందేమోనని దారిలో రెండుసార్లు చూశాను. రాలేదు.

మాది ఐదో అంతస్తు. నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయాను. గౌరి దీన్ని చూస్తే నాలుగోసారి అడుగుతుంది. పిల్ల ఎక్కడో ఉందని వీధుల వెంట పడి వెతుకుతుంది. అప్పుడు వీధులు ఎలా ఉన్నాయో తెలిసినవాళ్ళకి తెలుసు.

మెట్ల మీద కూర్చుని, సంచిలోని చిన్న కత్తెరతో గౌను విప్పడం మొదలుపెట్టాను. మొదట కాలర్ కోసి నడుములో దోపుకున్నాను. చీటీ చింపేశాను. లేసు, చేతులు, కుచ్చిళ్ళు. నా కుట్లు నా చేతికి తెలుసు.

గంటన్నర అయ్యాక గౌరి పైనుంచి దిగింది. "మెట్ల మీద కూకుని ఏటి సేస్తన్నావత్తా? ఇంట్లో కుర్సీ లేదేటి?"

"పాత గుడ్డ. లైనింగుకి పనికొస్తాదని."

పక్కనే కూర్చుంది. ఒక ముక్క తీసుకుని దారాలు లాగసాగింది. "ఎవులు కుట్టేరో గానీ గట్టిగా కుట్టేరు" అంది. ఇద్దరం మూడింటి దాకా లాగాం. కాలర్ ఆ సాయంత్రమే పొయ్యిలో వేశాను.

గౌరి మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. ఆ గౌను ఎక్కణ్ణుంచి వచ్చిందో, సంతకం పెట్టింది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరైనా చెబితే వింటాను.

పోయినవి: మనవరాలు ఒకతె, వయసు పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. గౌను ఒకటి, రెండుసార్లు. ఆమె చేతి సంతకం ఒకటి.