పన్నెండు గణుపులు

మా ఎదురింటి మాస్టారు పోయారన్న కబురు నాకు కడియం నర్సరీలో అందింది. నాగపూర్ వెళ్ళే లారీలోకి మల్లె మొక్కలు ఎక్కిస్తున్నారు. ఏ మొక్క ఎన్ని కట్టలు ఎక్కిందో నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. నీళ్ళు పోసే ఆవిడ బిందె కింద పెట్టి గట్టు మీంచే కేకేసింది.

"ఎస్సండి గారూ! మాస్టారు ఇక లేరంటండీ. అమ్మగారు మిమ్మల్ని ఒకసారి రమ్మంటన్నారు."

లారీ డ్రైవరు నవ్వబోయి ఆగాడు. ఆ పేరు మొదటిసారి విన్నవాళ్ళందరికీ నవ్వొస్తుంది. నాకు ఆ పేరు మాస్టారి వల్లే వచ్చింది. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు అడిగినప్పుడు నా చేత కాదన్నాను. నేను రోజూ రాసేది ఏ మొక్క ఏ ఊరు వెళ్ళిందన్న లెక్క ఒక్కటే. అయినా ఈ పేరు దగ్గర మొదలుపెడితే మిగతాది వస్తుందేమోనని కూర్చున్నాను.

మాస్టారు రాజమండ్రిలో ఒక మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవారు. మహా మాటకారి. ఆయన ఎక్కిన పెట్టెలో ఎవరికీ కునుకు పట్టదని ఊళ్ళో చెప్పుకునేవారు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు నాకు విత్తనాల పొట్లాల మీంచి, బెంగళూరు నుంచి వచ్చే మొక్కల జాబితాల మీంచి వచ్చింది. మాస్టారి దగ్గర అడిగి తెచ్చుకున్న నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కునేవాణ్ణి. రాసింది రాసినట్టు చదవడమే తెలుసు. ద్వీపాన్ని ఇస్లాండ్ అని, కత్తిని క్నైఫ్ అని చదువుకున్నాను. చదివితే అర్థమయ్యేది. నేను ఉత్తరం రాస్తే అవతలివాళ్ళకీ అర్థమయ్యేది. నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

మొదటిసారి అన్నరోజు బాగా గుర్తుంది. కలకత్తా నుంచి మొక్కలు కొనే ఆయన ఒకరు వచ్చారు. మామిడి మొక్కను చూపించి "ఈజ్ దిస్ గ్రాఫ్టెడ్?" అన్నారు. మా యజమాని నా వైపు చూశారు. అది అంటు మొక్కే, కట్టినప్పుడు పక్కనున్నది నేనే. ధైర్యం చేసి "ఎస్సండి" అన్నాను.

యజమానితో కబుర్లకు వచ్చిన మాస్టారు అక్కడే కుర్చీలో ఉన్నారు. ఒక్క ఉదుటున లేచారు.

"ఎస్సండి ఏంటోయ్! ఇంగ్లీషులో అండి ఎక్కడుంది? ఎస్ సర్ అను. తర్వాత ఇట్ ఈజ్ గ్రాఫ్టెడ్. యిట్ కాదు, ఇట్. ఏదీ, నాతో పాటు అను."

నేను అనలేదు. అంటు కట్టేవాళ్ళు, మొక్కల వేళ్ళకు గడ్డి చుట్టే ఆడవాళ్ళు అంతా నవ్వారు. సాయంత్రానికల్లా పేరు స్థిరపడిపోయింది.

ఆ తరువాత ఏడేళ్ళు నా నోట ఇంగ్లీషు మాట రాలేదు. ఢిల్లీలో మొక్కల ప్రదర్శన పెడితే యజమాని నన్నే వెళ్ళమన్నారు. "నీకు తెలిసినంత ఇక్కడ ఎవడికి తెలుసోయ్? వెళ్ళి రెండు ముక్కలు చెప్పిరా" అన్నారు. నా వల్ల కాదండి అన్నాను. ఇంకొకతను వెళ్ళాడు. అతనికి ఇంగ్లీషు వచ్చు, మొక్కలు రావు. అంటు మొక్కను పట్టుకుని విత్తు మొక్క అని చెప్పి వచ్చాడు. విని ఆ రోజు అన్నం సయించలేదు. మొక్కల గురించి తప్ప నాకు లోకంతో చెప్పాల్సిందేమీ లేదు. చెప్పగలిగిన ఆ ఒక్క సంగతికీ నోరు లేకుండా పోయింది.

మాస్టారికి ఇదంతా తెలియదు. ఆయన లెక్కలో ఆ రోజు నాకు ఉపకారం చేశారు.

ఆయనకు ఉద్యోగం ఇంకా కొన్నేళ్ళు ఉందనగా, వాళ్ళ బడిలో ఉండే స్పెయిన్ దేశపు ఫాదర్ ఒక మాట తెచ్చారు. ఆఫ్రికాలో వాళ్ళ బడికి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలి. ముందు స్పెయిన్‌లో నాలుగు నెలలు శిక్షణ. అందులో నెగ్గితేనే ఉద్యోగం. మాస్టారి ఇంట్లో ఆ రోజు జరిగిన మాటలు వీధిలోకి వినబడ్డాయి.

"ఇంగ్లీషు నేర్పడం నేర్చుకోడానికి స్పెయిన్ వెళ్ళడమేంటండీ? ఇంగ్లీషువాళ్ళు ఉండేది అక్కడ కాదు కదా?" అన్నారు అమ్మగారు.

"ఇంగ్లీషు రానివాళ్ళ మధ్యే నేర్చుకోవాలిటే."

"అందుకు మన కడియం చాలదూ? అయినా ముప్పై ఏళ్ళుగా మీరు చేస్తున్నదేంటి మరి?"

"దానికి కాయితం లేదే!"

ఆయన వెళ్ళిన ఊరి పేరు నేను ఉత్తరం మీది స్టాంపు ముద్రలో కూడబలుక్కుని సెవిల్లా అని చదివాను. లోపల మొదటి వాక్యమే, "నువ్వు సెవిల్లా అని చదివుంటావు. సెవీయా అనాలి. రెండు ఎల్లులు వస్తే య అంటారు." అక్కణ్ణుంచి కూడా దిద్దుతున్నారే అనుకున్నాను. కానీ ఆ తరువాత సంగతులు చదువుతుంటే కోపం నిలవలేదు. నాకు రాయడానికి కారణం చెట్లు. ఊళ్ళో వీధి వీధికీ రెండు వరసల నారింజ చెట్లట. చెట్టు నిండా పళ్ళు, నేల నిండా పళ్ళు. పిల్లలు కూడా ముట్టుకోరట. "ఎందుకో చెప్పుకో. అడగడానికి నాకు ఇక్కడ ఎవడూ లేడు" అని రాశారు.

నేను మూడు రోజులు ఆలోచించి జవాబు రాశాను. అవి పుల్ల నారింజలు అయివుంటాయండి, తీపి రకాన్ని అంటు కట్టడానికి మనం అడుగున పెట్టే మొద్దు మొక్కలాంటివి, కట్టకుండా వదిలేస్తే అవే పెరిగి కాస్తాయి అని. నా ఉత్తరం అక్కడికి చేరి, ఆయన ఉత్తరం మళ్ళీ ఇక్కడికి రావడానికి నెల పట్టింది. ఈలోగా ఆయన ఒక పండు కొరికి చూశారట. "నువ్వు చెప్పిందే రైటు. రెండు రోజులు నా పళ్ళు పులిశాయి. నీకు ఇంత తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. నేనెప్పుడూ అడగలేదు కాబోలు."

ఆ ఊరి విశేషాలు ఉత్తరం వెంట ఉత్తరంగా వచ్చేవి. పెద్ద చర్చి పక్కన ఒక ఎత్తయిన గోపురం ఉంది, పూర్వం మసీదు మినారు, దానికి మెట్లు లేవు. ఏటవాలు దారి చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. గుర్రం మీద ఎక్కేవాళ్ళట. "నేను నడిచే ఎక్కాను. ఆయాసంతో పైదాకా ఒక్క మాటా ఆడలేదు. మా ఆవిడకు చెప్పు, సంతోషిస్తుంది." నది పేరుకు పెద్ద నది అని అర్థమట. "మన ధవళేశ్వరం దగ్గర నిలబెడితే వీళ్ళు ఏమంటారో చూడాలి." మధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకుని పడుకుంటుంది. అది మాత్రం మనకు కొత్త కాదన్నారు. ఇంకో ఉత్తరంలో, "ఈ భాషలో ద్వీపాన్ని ఇస్లా అంటారోయ్. ఆ రెండు ఎల్లుల లాంటివి తప్పిస్తే రాసింది రాసినట్టే చదువుతారు. నిఘంటువులో నువ్వు తెలుగులో ఇస్లాండ్ అని రాసుకున్నది చూసి నవ్వాను కదా. ఇక్కడ నీదే రైటు" అని ఉంది.

కానీ శిక్షణ సరిగా సాగడం లేదు. పాఠాలు చూసే ఇంగ్లీషావిడ వాళ్ళ పెద్దమ్మాయి వయసుదట. ఆయన పాఠం టేపురికార్డరులో పట్టి వినిపించింది. నలభై నిమిషాల పాఠంలో నలభై నిమిషాలూ ఆయన గొంతే. "విద్యార్థులు ఎక్కడున్నారు?" అని అడిగిందట. ఇలాగే ఉంటే కాయితం ఇవ్వలేనని కూడా చెప్పింది. ప్రశ్న అడిగాక నోరు తెరవకుండా పది లెక్కపెట్టమంది. "మూడు దాకా లెక్కపెట్టేసరికి నాకు చెమటలు పడుతున్నాయి" అని రాశారు.

ఆ తరువాత వచ్చిన ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆయన బస దగ్గర ఒక రొట్టెల కొట్టు. ఆ కొట్టావిడ కూతురు లండన్‌లో ఇంగ్లీషు అబ్బాయిని చేసుకుంది. ఫోన్లో అల్లుడితో నాలుగు ముక్కలు మాట్లాడాలని ఆవిడ మాస్టారి సాయంత్రం క్లాసుకు వస్తుంది. ఒక పొద్దున రొట్టె కొనడానికి ఈయనే ఆవిడ కొట్టుకు వెళ్ళారు. అక్కడి భాషలో ఒక వాక్యం వల్లె వేసుకుని మరీ వెళ్ళారు. ఎదురుగా ఆవిడ, వెనక వరస. నోరు పెగల్లేదు. రోజూ క్లాసులో ఆవిడ తప్పులు పట్టేది ఈయనే. కానీ ఆవిడ చేతులు కట్టుకుని, తొందర లేనట్టు నిలబడింది. వెనకున్నవాళ్ళూ గొణగలేదు. చివరికి ఈయన నోట వచ్చింది రొట్టెకు వాళ్ళ మాట ఒక్కటే, "పాన్ అండి."

"ముప్పై ఏళ్ళు పిల్లల నోట్లోంచి పీకేసిన అండి, నా నోట్లోంచే ఊడిపడిందోయ్. ఆవిడ నవ్వలేదు. రొట్టె ఇచ్చింది. మర్నాడు క్లాసులో నేనేదో అడిగితే ఎస్ అండి అంది. నా పేరు అండి అనుకుందట! ఇప్పుడు వీధంతా నన్ను సెన్యోర్ అండి, అంటే అండి గారు, అంటున్నారు. నీకు నేను పెట్టిన పేరు ఇంత దూరం వచ్చి నన్నే పట్టుకుంది. ఆ రోజు ఆ కలకత్తా ఆయన ముందు నేను కాసేపు ఆగి ఉండాల్సింది. ఇంకేం రాయను."

ఆయన రాయనన్నారు కాబట్టి నేనూ దాని గురించి రాయలేదు. ఉత్తరం మడిచి నిఘంటువులో పెట్టుకున్నాను.

కాయితం వచ్చింది. అటు నుంచి అటే ఆఫ్రికా వెళ్ళి రెండేళ్ళు చెప్పి వచ్చారు. వచ్చేటప్పుడు మళ్ళీ సెవీయాలో దిగి, ఆ పుల్ల నారింజ గింజలు కాసిని పొట్లం కట్టి తెచ్చారు. వాళ్ళ గేటు పక్కన పెడితే ఒకటి బతికింది. మా యజమాని దాని మీద తీపి రకం అంటు కడదామన్నా ఒప్పుకోలేదు. "దాని పులుపు దానికుండనివ్వండి" అన్నారు.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఇంగ్లీషులో అడిగారు. "వాట్ డిడ్ యూ సీ టుడే?" ఈ రోజు ఏం చూశావు అని. అడిగి ఊరుకున్నారు. ఆయన కుడిచేతి బొటనవేలు చిటికెన వేలి అడుగు గణుపు మీద ఆనింది. ఒక్కో గణుపే దాటుకుంటూ, నాలుగు వేళ్ళూ తిరిగి, చూపుడు వేలి కొసకు చేరింది. నేను మాట్లాడలేదు. మళ్ళీ మొదటికి వచ్చింది. పది కదండీ ఆవిడ లెక్కపెట్టమన్నది అని తెలుగులో అడిగాను.

"మన చేతికి పన్నెండు గణుపులున్నాయి కదోయ్. రెండు ఎక్కువే ఇద్దాం."

లోపల్నుంచి అమ్మగారి గొంతు. "ముప్పై ఏళ్ళ కాపురంలో నేను మూయించలేని నోరు, ఆ పిల్లెవరో నాలుగు నెలల్లో మూయించిందయ్యా. ఆ పిల్ల కనబడితే చీర పెడతాను."

రోజూ అదే ప్రశ్న. రోజూ నేను లేచి వచ్చేసేవాణ్ణి. ఎన్నో రోజో గుర్తులేదు, నోటికి దానంతటదే వచ్చింది. "జాస్మిన్ అండి. టూ లారీస్. గో టు నాగపూర్." ఆయన దిద్దలేదు. "ఓ! టూ లారీస్ వెంట్ టు నాగపూర్?" అని ఆశ్చర్యపోయారంతే. మర్నాడు నేనే వెంట్ అన్నాను. ఆయన అప్పుడప్పుడూ ఒక మాట అనేవారు. "తప్పు ఎక్కడికీ పోదు, రేపు దిద్దుకోవచ్చు. మాట వెనక్కి పోతే ఏడేళ్ళు రాదు." ఏడేళ్ళని ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆ మరుసటేడు ఢిల్లీ నుంచి తోటల శాఖ పెద్దాఫీసరు వచ్చారు. మాస్టారు పాత కుర్చీలోనే ఉన్నారు. ఆఫీసరు మామిడి మొక్క మొదట్లో కణుపులా ఉన్న చోటు చూపించి, అదేంటని ఇంగ్లీషులో అడిగారు. యజమాని నా వైపు చూశారు. గడ్డి చుట్టే ఆడవాళ్ళు చేతులాపారు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. బొటనవేలు చిటికెన వేలి మీద ఉంది.

వేలు ఉంగరపు వేలికి వచ్చేసరికి మొదలుపెట్టాను. కింది మొక్క వేరు, పై కొమ్మ వేరు, కింద బలం, పైన తీపి, రెండూ కలిసిన చోటు ఇది అని నాకొచ్చిన ముక్కల్లో చెప్పాను. మాట చివర మాట చివర అండి పడుతూనే ఉంది. ఆఫీసరు అంతా విని, "వాట్ ఈజ్ దిస్ అండి?" అన్నారు.

మాస్టారు తలెత్తారు. దానికి జవాబు ఆయన దగ్గర ఒక గంట ప్రసంగానికి సరిపడా ఉంది. పెదవులు కదిలాయి కూడా. బిగపట్టుకున్నారు.

"దట్ ఈజ్ రెస్పెక్ట్ అండి. స్మాల్ వర్డ్. వితౌట్ దట్, మై మౌత్ నాట్ ఓపెన్" అన్నాను.

ఆఫీసరు నవ్వి, "ఎస్ అండి" అన్నారు. ఈసారి ఆడవాళ్ళు నవ్విన నవ్వు వేరు. తరువాతి ప్రదర్శనకు ఢిల్లీ నేనే వెళ్ళాను.

ఆ తరువాత చెప్పుకోదగ్గ సంగతులేమీ లేవు. ఎన్నో సాయంత్రాలు, ఒకే ప్రశ్న. కిందటి నెల ఆయన మంచం పట్టారు. పోవడానికి నాలుగు రోజుల ముందు చూడ్డానికి వెళ్ళాను. మాట సన్నగా ఉంది. అమ్మగారు తలకింద దిండు సర్ది పక్కకు జరిగారు. ఆయన పెదవులు కదిలాయి. "వాట్ డిడ్ యూ..." వరకు వినిపించింది. మిగతాది నాకు తెలుసు.

దుప్పటి మీద చెయ్యి వెల్లకిలా ఉంది. బొటనవేలు చిటికెన వేలి అడుగు గణుపు మీదికి వచ్చింది.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గేటు దగ్గరే దొరికింది, లోపలికి వస్తూనే చెప్పాలనుకున్నాను. కానీ చెబితే ఆ వేలు ఆగిపోతుంది. అందుకని ఊరుకున్నాను. నోట్లో మాట ఉండి కూడా పట్టుకుని కూర్చోవడం నాకు అదే మొదటిసారి. వేలు మెల్లిగా గణుపు గణుపూ దాటింది. మధ్యవేలి దగ్గర చాలాసేపు ఆగింది. మళ్ళీ కదిలింది. ఆయన కళ్ళు నా మీంచి మళ్ళలేదు, తొందరపెట్టనూ లేదు. పదకొండో గణుపు మీదికి వచ్చినప్పుడు ఇక బిగపట్టుకోలేకపోయాను.

"ఆరెంజ్ ఫ్లవర్స్ అండి. యువర్ ట్రీ. ఫస్ట్ టైమ్."

ఆయన కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. బొటనవేలు అక్కడే, పదకొండో గణుపు మీద ఆని ఉంది.