కన్వర్టర్ డబ్బాకు తువ్వాల కింద తీర్పు

ఆ రోజుల్లో పాట వినడానికి కూడా ఒక మర్యాద ఉండేది. ఇప్పుడంటే చెవిలో గింజంత వస్తువు పెట్టుకుని బస్సులో వేలాడుతూ కూడా వింటున్నారు గాని, అప్పుడు టేప్ రికార్డర్ ఉన్న ఇంట్లో పాట పెడుతున్నారంటే పక్కింటివాళ్లు చాప తెచ్చుకుని మరీ కూర్చునేవారు. క్యాసెట్ తిరుగుతున్నంతసేపూ పిల్లలు దగ్గినా తప్పే. అంత గంభీరంగా వినేవాళ్లం గనకనే, ఈ మోత బాగుందా ఆ మోత బాగుందా అన్న ఒక్క ప్రశ్న మీద మా ఇంట్లో ఒక మనిషి బతుకుదారి తేల్చే పంచాయితీ జరిగింది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వాల్సిందే, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరం నవ్వలేదు.

నాన్నది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. హనుమకొండ కాలేజీలో బీఎస్సీ చదువుకోవడానికి నన్ను వరంగల్‌లో మేనమామ ఇంట్లో ఉంచారు. మామయ్య మిర్చి వ్యాపారి. రైతులు తెచ్చిన మిర్చి కొని పై ఊళ్లకు పంపేవాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఇంట్లో మేం తుమ్మడం మొదలుపెట్టేవాళ్లం (అత్తమ్మ ఆ తుమ్ములను బట్టే కంచాలు పెట్టేది). ఆయనకు ఒక్కడే కొడుకు, మా బావ (అప్పటికి బావ మాత్రమే). మిర్చి వ్యాపారి కొడుక్కి మిర్చి ఘాటు పడకపోవడం ఆ ఇంటికి పట్టిన దురదృష్టం. దుకాణంలో కాసేపు కూర్చుంటే చాలు, కళ్లు వాచి ఇంటికి వచ్చేవాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి, హనుమకొండలో ఒక రేడియో మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకున్నాడు. కాలుతున్న సీసం వాసన మాత్రం ఆయనకు మల్లెపూల వాసనలా ఉండేది.

అక్కడ నేర్చిన విద్యంతా పెట్టి బావ ఒక డబ్బా తయారుచేశాడు. పేరు కన్వర్టర్. మా టేప్ రికార్డర్‌కు ఒకటే స్పీకరు. డోలూ గజ్జెలూ గొంతూ అన్నీ ఒకే సందులోంచి తోసుకుంటూ వచ్చేవి. ఈ డబ్బాను బయటినుంచి తగిలిస్తే వచ్చే శబ్దాన్ని రెండుగా చీల్చి, బరువైనదాన్ని ఒక స్పీకరుకూ సన్నదాన్ని ఇంకో స్పీకరుకూ పంపుతుందట. ఆ రెండు స్పీకర్లను రెండు మట్టికుండల మూతుల మీద బిగించాడు. కుండలో గాలి ఉంటుంది గనక మోత నిండుగా వస్తుందని ఆయన సిద్ధాంతం. నీళ్లు పోయాల్సిన కుండల్లోంచి పాటలేమిటని అత్తమ్మ కొన్నాళ్లు వాటికి దూరంగానే తిరిగింది.

మామయ్య మాత్రం డబ్బాను అటూ ఇటూ తిప్పి, తూకం చూసినట్టు చేతిలో ఎగరేసి చూసి, తన మాట చెప్పేశాడు. "నీ డబ్బాతోని పాట నిజంగ మంచిగైతదంటే మన దుకాణం పక్క మడిగె నీకిస్త, రేడియో దుకాణం పెట్టుకో. కాదంటే గిది మూలకేసి, రేపటి సంది మిర్చి దుకాణంల గద్దె మీద కూసో. ఇగ మళ్ల మాట ఉండదు." బావ సరేనన్నాడు. ఆయన ముఖం చూస్తే నాకు భయమేసింది. గద్దె మీద కూర్చోవడమంటే మిగతావాళ్లకు పెత్తనం, బావకు మాత్రం జీవితాంతం కళ్లనీళ్లు.

మరి బాగుందో లేదో తేల్చేదెవరు? కొడుకు చేసిన వస్తువు మీద తండ్రి తీర్పు చెల్లదని మామయ్యే అన్నాడు. బజారు పెద్దలు అయిదుగురిని పిలుస్తానన్నాడు. వాళ్లలో ముఖ్యులు ఇద్దరు. చీకట్లో కూడా నల్లద్దాలు తియ్యని చష్మా సేటు ఒకరు. రెండోవారు తేమ తాత. చేత్తో ముట్టుకుంటే పొడయ్యేంత ఎండిన మిర్చిని చూసినా "జర తేమున్నది" అనకుండా ఉండలేడు గనక ఆ పేరు.

అప్పుడు నాలోని బీఎస్సీ ఫిజిక్సు నిద్రలేచింది. ల్యాబులో లోలకం ఊపినంత మాత్రాన నన్ను నేను సగం శాస్త్రవేత్త అనుకునేదాన్ని. డబ్బా మీది ఎర్ర బల్బు చూస్తే పెద్దల మనసు అటు మొగ్గుతుంది గనక అడ్డంగా పర్దా కట్టాలన్నాను. మోత కాస్త పెరిగితే చాలు చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది గనక డబ్బా ఉన్నా లేకున్నా ఒకే మోత ఉండాలన్నాను. బావ నాలుగైదు రకాలుగా తిప్పి చూసి, సమంగా వచ్చినచోట మోత పెంచే మీట పక్కన అత్తమ్మ భరిణెలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టాడు. (వరంగల్‌లో శాస్త్ర పరిశోధనకు బొట్టు పెట్టింది మేమే అయివుంటాం.) మామయ్య కూడా ఒక షరతు కలిపాడు. బస్తాలో పైన పోసిన మిర్చి చూసి ఎవడూ బేరం చెయ్యడట, లోపలికి చెయ్యి పెట్టి తియ్యాలట. కాబట్టి పాట మొదటినుంచి కాదు, మధ్యలోంచి వినిపించాలి. ఇంట్లో ఉన్న ఒగ్గుకథ క్యాసెట్టును డోలు జోరందుకునే చోటికి తిప్పి పెట్టాను.

తీర్పు చెప్పే పద్ధతి కూడా బజారుదే. వాళ్లు ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు, కింద వేళ్లు నొక్కడమే మాట. పక్కవాడికి ఏమీ తెలియదు, ఒకరిని చూసి ఒకరు మాట మార్చడం ఉండదు. మొదటిసారి విన్నది బాగుంటే ఒక వేలు, రెండోసారిది బాగుంటే రెండు వేళ్లు నొక్కాలని మామయ్య చెప్పాడు. ఇంతకంటే నిష్పాక్షికమైన పద్ధతి మా కాలేజీలో కూడా లేదని నేను పొంగిపోయాను.

బజారుకు సెలవున్న రోజు పొద్దున పెద్దలు వచ్చారు. తలపాగాలు తీసి ఒళ్లో పెట్టుకుని, చావు ఇంట్లో కూర్చున్నంత నిశ్శబ్దంగా కూర్చున్నారు. బావ పంచాయితీకి వచ్చిన ఫిర్యాదిలా గడప అవతల చెప్పుల దగ్గర కూర్చున్నాడు. అత్తమ్మ పాత చీర పర్దాగా కట్టి, వెనక నన్నూ టేప్ రికార్డర్‌నూ రెండు కుండలనూ పెట్టారు. మొదటిసారి డబ్బా లేకుండా, రెండోసారి డబ్బాతో అని నేనూ బావా ముందే అనుకున్నాం. ఆ సంగతి మామయ్యకు కూడా తెలియదు.

మొదటిసారి పెట్టాను. పెద్దలు కదల్లేదు. రెండోసారి క్యాసెట్టు వెనక్కి తిప్పి, డబ్బా తగిలించి, మీటను బొట్టు దగ్గరికి తిప్పాను. రెండు కుండల మధ్య ఇరుక్కున్న నాకు మోత తప్ప ఏమీ తెలియలేదు గాని, చీర చిరుగులోంచి ఒక కంట చూస్తే తేమ తాత చెయ్యి మోకాలి మీద డోలు దెబ్బకు సరిగ్గా దరువేస్తోంది. చష్మా సేటు నల్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఇవన్నీ చూశాను. అయితే వేళ్ల లెక్కే లెక్క, చూసినవి లెక్కలోకి రావని ఊరుకున్నాను. అదీ నా చదువు.

క్యాసెట్ ఆగాక మామయ్య ఒక్కొక్కరి ముందు కూర్చుని తువ్వాల కప్పి చెయ్యి పట్టుకున్నాడు. చివరి చెయ్యి వదిలాక తేమ తాత గొంతు సవరించుకుని, రెండోసారి వినిపించినదాంట్లో జర తేమున్నదన్నాడు. శబ్దంలో తేమ ఏమిటని ఎవరూ అడగలేదు. చష్మా సేటు రంగు తక్కువుందన్నాడు. మామయ్య ఒక్కొక్కరి ముందు కూర్చుని తువ్వాల కప్పి చెయ్యి పట్టుకున్నాడు. మామయ్య తువ్వాల మడిచి భుజాన వేసుకుని, పర్దా వైపు చూడకుండానే అడిగాడు. "అయిదుగురు మొదటిదే అన్నరు. డబ్బా ఎన్నోసారి పెట్టినవ్ బిడ్డా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. "రెండోసారి మామయ్యా" అన్నాను. గడప అవతల బావ లేచి, ఎవరి చెప్పులో పక్కకు జరిపి, తన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. పెద్దలు చాయ తాగి వెళ్లారు. నాకు ఏడుపొచ్చింది. పర్దా వెనకే కూర్చుని ఏడ్చాను. అత్తమ్మ చీర విప్పుకోవడానికి వచ్చి, నన్ను చూసి, ఇంకాసేపు ఉండనీలే అని వెళ్లిపోయింది.

మరునాడు బావ మాట ప్రకారం దుకాణానికి పోయాడు. ఆ రోజు అక్కడ జరిగింది మధ్యాహ్నం మామయ్య అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా చెప్పాడు. ఒక ముసలి రైతు బస్తాలు దింపాడట. బేరం మొదలయ్యే ముందు సరుకును నాలుగు మాటలు అనడం కొనేవాళ్ల ఆనవాయితీ. బావ బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు మిర్చి తీసి, కళ్లు తుడుచుకుంటూ అందరి ముందూ అన్నాడట, "మస్తు మంచిగున్నయ్ కాకా, గింత ఎర్రటియి నేను చూడలే" అని. దుకాణం ముందు మాట ఆగిపోయింది. అందరికంటే ఎక్కువ భయపడింది ఆ రైతే. పుట్టి బుద్ధెరిగాక ఏ సేటు నోటా ఆ మాట విననివాడు గనక, ఇందులో ఏదో మోసముందని బస్తాలు మళ్లీ బండికెత్తుకుని వేరే దుకాణానికి పోయాడట. "వీడు గద్దె మీద కూసుంటే దుకాణం మునుగుతది, లేస్తే మాట పోతది. నేనేం జెయ్యాలె?" అని మామయ్య అత్తమ్మను అడిగాడు. ఆమె ముందు అన్నం తినమంది.

ఆ సాయంత్రమే చష్మా సేటు వచ్చాడు. అటు పోతూ ఇటు వచ్చానన్నాడు (ఆయన ఇల్లు ఊరికి ఆ చివర). వాతావరణం గురించీ లారీల గురించీ మాట్లాడి, లేచి గడప దాటబోతూ అన్నాడు. "గా పాడు డబ్బా ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తరు, మా ఇంట్ల ఏదో మూలకు పడుంటది." మామయ్య చూద్దాంలే అన్నాడు. ఆయన పోయిన కాసేపటికే తేమ తాత వచ్చాడు. తాత డబ్బా మాట ఎత్తలేదు. ఆ కుండలు ఏ కుమ్మరి దగ్గర తెచ్చారని అడిగాడు. పనికిరాని కుండల మీద అంత ఆసక్తి ఎందుకో నాకర్థం కాలేదు. మామయ్యకు మాత్రం అర్థమైంది. తాతను వీధి చివరిదాకా సాగనంపి వచ్చి, అరుగు మీద కూర్చుని చాలాసేపు భుజం మీది తువ్వాలనే చూసుకున్నాడు.

"ఇన్నేండ్లు గదే బజార్ల కూసున్న. నచ్చిన సరుకును నచ్చిందని ఒక్కనాడన్న అన్ననా బిడ్డా? అంటే ధర పెరుగదా?" అన్నాడు. "పనికిరాని దాన్ని తిట్టనీకి కూడ ఎవడూ ఆగడు. కొనాలనుకున్నోడే తిడ్తడు. గంతమంది తిట్టిన్రంటే గది ఎసొంటి సరుకో నాకు తెల్వలె."

అప్పుడు నా ఫిజిక్సుకు కూడా చురక తగిలింది. తేడా తెలియకపోతే సగం మంది అటూ సగం మంది ఇటూ చెప్పాలి. పర్దా వెనక ఏముందో తెలియకుండా అయిదుగురూ కలిసికట్టుగా డబ్బాను కాదన్నారంటే, అయిదుగురి చెవులూ డబ్బాను గుర్తుపట్టాయనే కదా. ఈ సంగతి తట్టడానికి నాకు ఒక రోజూ ఒక ఏడుపూ పట్టాయి.

మరి వేళ్లు పట్టుకుని చూసినప్పుడే మీకెందుకు తెలియలేదు మామయ్యా అని అడిగాను. ఆయన తువ్వాల దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "కొనేటోని దిక్కు కూసుంటే తెలుస్తుండె. నిన్న నేను అమ్మేటోని దిక్కు కూసున్న. నా కొడుకు సరుకాయె. తిట్టు తప్ప ఇంకేం వినబడలే." తర్వాత నాతో కాక, వీధితో అన్నట్టు అన్నాడు. "రోజు రైతుకు మనం చెప్పేది గిదే గద. వాడు ఇంటికి పోయి ఎట్ల పంటడో నిన్న ఎరుకైంది."

మామయ్య లోపలికి పోయి మడిగె తాళంచెవి తెచ్చి, బావ చేతిలో పెట్టకుండా టేప్ రికార్డర్ మీద పెట్టి స్నానానికి పోయాడు. బావ దాన్ని చూసి, నన్ను చూసి, నన్నే అడిగాడు, "ఎవలిది?" అని. నేను వేలితో ఆయన్నే చూపించాను. మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి పర్దా లేదు.

మర్నాటి నుంచి మామయ్య పూర్తిగా మారిపోయాడని రాస్తే బాగానే ఉంటుంది గాని, మారలేదు. మారితే వ్యాపారం సాగదు. తేమున్నదనే అన్నాడు, రంగు తక్కువనే అన్నాడు. కాకపోతే ఆ మాట అన్నాక రైతును కూర్చోబెట్టి చాయ తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ చాయ ఎందుకో రైతులకు తెలియదు. దాంట్లో కూడా మోసమేదైనా ఉందేమోనని కొందరు ముందు వాసన చూసి తాగేవారట. పెద్దలు అయిదుగురి ఇళ్లలోనూ రెండేసి కుండలు వెలిశాయి. ఎవరి నోటా బాగుందన్న మాట మాత్రం మేం వినలేదు.

ఆ బావతోనే నా పెళ్లయింది. మడిగె ఎన్నో రూపాలు మారి, ఇప్పుడు దుకాణం మూసి బావ ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ మధ్య అగ్గిపెట్టెంత కన్వర్టర్ ఒకటి తెప్పించుకున్నాడు. ఫోనుకూ స్పీకరుకూ మధ్య తగిలించాలట, పాట తేటగా వస్తుందట. నా కళ్లు మూయించి, అదే ఒగ్గుకథ, అదే డోలు, రెండుసార్లు వినిపించాడు. డబ్బా పెట్టింది రెండోసారేనని నాకు తెలుసు, ఎప్పుడూ రెండోసారే పెడతాడు గనక. నిజం చెప్పాలంటే ఈ వయసు చెవులకు రెండూ ఒకేలా వినిపించాయి.

బావ నోటితో ఏమీ అడగలేదు. భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పి, కింద తన చెయ్యి పెట్టాడు. ఆ చేతి మీద ఇప్పటికీ సీసం చుక్కలు కాల్చిన మచ్చలున్నాయి. నేను ఒకే ఒక్క వేలు నొక్కి, "జర తేమున్నది" అన్నాను. బావ తృప్తిగా తలూపి, ఆ డబ్బాను అక్కడే ఉండనిచ్చాడు. చీర పర్దా వెనక కుండల మధ్య కూర్చుని ఉన్న ఆ బీఎస్సీ పిల్ల ఈ తీర్పు చూస్తే తప్పని కొట్టేసేది. కొట్టేసుకోనీ. నేను మాత్రం తువ్వాల కింది నుంచి చెయ్యి వెంటనే తీసుకోలేదు.